జింకు దిమ్మలకు పూసిన రంగు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ప్రొద్దుటూరులో ఇంటర్ పిల్లలకు పన్నెండేళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. వాళ్ళు పాఠం కంటే నా నోటికే ఎక్కువ భయపడేవాళ్ళు. ఒక్క పాఠానికి మాత్రం ఎగబడి వచ్చేవాళ్ళు. నాలుగు పరీక్షనాళికల్లో పలచటి ఆమ్లం పోసి మెగ్నీషియం, జింకు, ఇనుము, రాగి ముక్కలు వేసేవాణ్ణి. మెగ్నీషియం బుసబుసా పొంగేది. జింకు నింపాదిగా బుడగలు వదిలేది. ఇనుము మొక్కుబడిగా ఒకటీ అరా. రాగికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

కాలేజీ మూతపడ్డాక సౌదీలోని రాస్ తనూరా వచ్చాను. ఒక కాంట్రాక్టు కంపెనీలో, ఉప్పునీళ్ళ ట్యాంకులు తుప్పు పట్టకుండా చూసే టెక్నీషియన్ని. ఇక్కడా అదే పాఠం. ఉక్కు ట్యాంకు లోపలి గోడలకు ఇటుకంత జింకు దిమ్మలు వెల్డింగ్ చేస్తాం. జింకు ఇనుము కంటే చురుకైనది కాబట్టి ఉప్పునీరు ముందు దాన్నే తింటుంది. అది ఉన్నంతకాలం ఉక్కు జోలికి రాదు. మెగ్నీషియం పెడితే మరీ తొందరగా కరిగిపోతుంది. రాగి పెడితే అసలుకే మోసం, ఉక్కే ముందు పోతుంది. గోడలకు రంగు వేసేటప్పుడు దిమ్మల మీద టేపు అంటించాలి. రంగు పడిందా, జింకుకు నీరు తగలదు, అది ఉండీ లేనట్టే. ఆ సంగతి పెయింటర్లకు చెప్పడం నా పని.

మా పెయింటర్ జగిత్యాల వైపు పెద్దాయన. ఇంటి దగ్గర భార్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈయన ఉద్యోగం పోతే ఆమె వైద్యం ఆగిపోతుంది. పనిలో ఆయనను మించినవాడు క్యాంపులో లేడు. వెల్డింగ్ అతుకుల్లో, బోల్టు తలల కింద, ఎవరూ చూడని చోట కూడా బ్రష్ పెట్టి రుద్దేవాడు. నేనొకప్పుడు లెక్చరర్నని తెలిసినప్పటి నుంచి నన్ను సార్ అనేవాడు.

ఆ రోజు ట్యాంకు ఉడికిపోతోంది. నా ఇకామా రెన్యువల్ ఆగిందని అప్పుడే ఆఫీసు నుంచి ఫోను. ఇక్కడ ఉండనిచ్చే ఆ పర్మిట్ కార్డు లేకపోతే ఈ దేశంలో మనిషే కాదు. మ్యాన్‌హోల్ దగ్గర తల పట్టుకుని నిలబడి ఉంటే పెద్దాయన లోపలి నుంచి అడిగాడు.

“సార్, గీ దిమ్మలకు గూడ ఎయ్యాల్నా?”

“ఏందప్పా, ప్రతిదానికీ నన్నే అడుగుతాండావు? అన్నిటికీ వెయ్యి పో!”

దిమ్మలని స్పష్టంగానే విన్నాను. విని కూడా నోటికొచ్చింది అనేశాను. తర్వాత వెళ్ళి చూసుకుందాంలే అనుకున్నాను. చూసుకోలేదు. రంగు ఆరగానే ట్యాంకు మూసి నీళ్ళు నింపారు.

ఏడాది తిరిగేసరికి గోడ బయట నీళ్ళు కారుతున్నాయంటే ఖాళీ చేసి తెరిచారు. టార్చి వేసి చూశాను. యా అల్లా! సగానికి అరిగిపోయి ఉండాల్సిన దిమ్మలు చెక్కుచెదరలేదు. రంగు పూతతో నిగనిగలాడుతున్నాయి. గోడమీద రంగు గీరుకుపోయిన ప్రతిచోటా ఉక్కులో వేలు దూరేంత గుంటలు. చదవేస్తే ఉన్న మతి పోయిందనే మాట నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది.

మా మేనేజరును అందరూ ముదీర్ అంటారు. ఈజిప్టు మనిషి. ఇద్దరినీ పిలిచాడు. ఆయన మాతో మాట్లాడేది ఇంగ్లీషు. పెద్దాయనకు హిందీ, పనికి సరిపడా నాలుగు అరబ్బీ మాటలు తప్ప రావు. పెద్దాయన మాట ముదీర్‌కు నేనే చెప్పాలి.

“టేపు వేయమని ఇతనికి చెప్పావా?” అని ముదీర్ నన్ను అడిగాడు.

“చెప్పాను,” అన్నాను.

“ఏమంటున్నడు సార్?” అన్నాడు పెద్దాయన. “నేను మిమ్ములనే అడిగిన గద. అన్నిటికి ఎయ్యుమన్నరని జెప్పుండ్రి.”

ఆ గొంతులో నామీద ఫిర్యాదు లేదు. జరిగింది జరిగినట్టు చెబితే సరిపోతుందనుకున్నాడు పిచ్చిమనిషి.

ముదీర్ నా వైపు చూశాడు. నా ఇకామా కాగితాలు మళ్ళీ ఆయన బల్లమీదే ఉన్నాయి. “మర్చిపోయాడట. తప్పయిపోయింది, క్షమించమంటున్నాడు,” అన్నాను. ఆ తర్వాత చాలాసేపు బతిమాలాను. మంచి పనివాడనీ, భార్య జబ్బుమనిషనీ. నిజం ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను.

వారంలో ఆయనకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, ఉద్యోగం తీసేసి ఇంటికి పంపేసే ముద్ర.

వెళ్ళే రోజు క్యాంపు గదిలో బట్టలు సర్దుకుంటూ అడిగాడు. “సార్, గా దిమ్మలకు రంగెందుకు ఎయ్యద్దు? గా ముచ్చట నాకు ఎవ్వలు జెప్పలె.”

మంచంమీద కూర్చుని చెప్పాను. మెగ్నీషియం నుంచి రాగి దాకా, ఏది ముందు కరుగుతుందో, ఏది ఎందుకు ఆగుతుందో, కోపం లేకుండా చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

“గింతేనా సార్? రెండు నిమిషాల్ల సమజైపాయె,” అన్నాడు.

నిజం చెప్పేద్దామనుకున్నాను. చెబితే ఆయనకేం ఒరుగుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఒట్టి సాకు. నాకు భయం, అంతే.

బయట బండి హారన్ కొట్టారు. పెద్దాయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

“గా దినం నా కోసం ఇంగ్లీషుల గంత సేపు బతిమిలాడిన్రు. సొంతోళ్ళు గూడ గట్ల జెయ్యరు సార్. సార్ మస్తు కొట్లాడిండని మా ఇంటామెకు ఫోన్ల జెప్పిన. మీకు దండం పెట్టుమన్నది.”

ఆయన పెట్టె నేనే బండి దాకా మోశాను.