గుడ్ల అరలో ప్రాణం

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందంటే నోరు తెరుచుకుని వినేవాళ్లు, శ్రీహరిరావు ప్రాణం మొఘల్‌పురాలో పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో కోడిగుడ్ల అరలో ఉండేదంటే మాత్రం నవ్వుతారు. అక్కడ ఎవరైనా ఫ్రిజ్ తలుపు గట్టిగా వేస్తే ఇక్కడ ఆఫీసులో ఆయన కుర్చీలోంచి ఎగిరిపడేవాడు. సరే, ఎగిరిపడటం కొంచెం ఎక్కువైంది. ప్రాణం మొత్తం కూడా కాదు, సగమే అనుకుందాం. ఆ సగం మాత్రం రబ్బరు మూత వేసిన చిన్న గాజుసీసాలో, జీవితంలో గుడ్డు ముట్టని మనిషి తాలూకు మందునన్న పట్టింపు లేకుండా, గుడ్ల పక్కనే చల్లగా కూర్చునేది. అది ఇన్సులిన్.

శ్రీహరిరావుది తెనాలి దగ్గర పల్లె. సర్కారు లెక్కల ఆఫీసులో పెద్ద గుమాస్తాగా వచ్చి, మొఘల్‌పురాలో ఒక మేడమీద అద్దెకు దిగాడు. భార్య హైమవతి. పక్కిల్లు షఫీఉద్దీన్‌ది, ఆయనకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం. ఆయన బావమరిది కువైట్ నుంచి వస్తూ తెచ్చిన ఫ్రిజ్ ఒక్కటే ఆ గల్లీకంతటికీ ఫ్రిజ్. ఎండాకాలం గల్లీలోని పిల్లలందరూ దాని చుట్టాలే.

శ్రీహరిరావుకు షుగర్ అని తేల్చిన డాక్టరు, రోజుకు రెండుపూటలా సూది వేసుకోవాలనీ, మందు చల్లగా ఉంచాలనీ చెప్పాడు. ఇంకా చాలా చెప్పాడు. ఆయన ఆ గదిలో తలవంచుకుని తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాడు. విన్నది హైమవతి.

అంత సిగ్గు ఎందుకంటే దానికో కారణం ఉంది. ఆఫీసులో ఏడుకొండలు అనే గుమాస్తాకు షుగర్ అని తెలిసిన రోజున, "తిని తిని తెచ్చుకున్నాడు పాపం" అని అందరినీ నవ్వించింది శ్రీహరిరావే. ఆ నవ్వు ఇప్పుడు తన కోసం గుమ్మంలో కాచుక్కూర్చున్నట్టనిపించేది.

సీసా పట్టుకుని పక్కింటికి వెళ్లాడు. షఫీఉద్దీన్ భార్య నూరున్నీసా తీసుకుని, వెలుతురుకు పెట్టి చూసింది.

"గిదేంది భాయ్‌సాబ్? ఎవరికి?"

"మా ఆవిడకండీ," అంది ఆయన నోరు. ఆయన కాదు, నోరే.

ఇంటికొచ్చి ఆ మాట హైమవతికి చెప్పాడు. ఆవిడ, "పెళ్లినాడు మీ ఇంటిపేరు ఇచ్చారు, తీసుకున్నాను. ఇప్పుడు మీ రోగం కూడానా?" అంది. కానీ కాదనలేదు. అదే ఆయన్ని ఎక్కువ గుచ్చింది.

ఆనాటి నుంచి గల్లీ అంతా హైమవతిని చూసి జాలిపడసాగింది. నూరున్నీసా ఏం వండినా రెండు గిన్నెలు పంపేది. భాయ్‌సాబ్‌కు ఖుబానీ కా మీఠా, హైమకు కాకరకాయ. తలుపు మూసుకున్నాక గిన్నెలు మారేవి. ఆయన కళ్లు మూసుకుని కాకరకాయ తినేవాడు, ఆవిడ కళ్లు తెరిచే మీఠా తినేది. రోగానికి అంతకన్నా మంచి పథ్యం ఏ డాక్టరూ రాసివ్వలేడు. కానీ పేరంటాల్లో హైమవతి ముందు నుంచి మిఠాయి పళ్లెం మాటామంతీ లేకుండా పక్కకు జరిగిపోయేది. "పాపం, చిన్న వయసులోనే" అని ఆడవాళ్లు గుసగుసలాడేవాళ్లు. ఆ సంగతులు ఆవిడ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేది. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు.

ఆ ఏడు రంజాన్‌లో షఫీఉద్దీన్ ఇఫ్తార్‌కు పిలిచాడు. "ఐదున్నరకల్లా వచ్చెయ్యుండ్రి రావ్ సాబ్, మా చాచా గూడ వస్తున్నడు."

ఐదున్నరకు రమ్మన్నారంటే ఐదున్నరకు విస్తరి వేస్తారని లెక్కల మనిషి లెక్క. సీసా తెచ్చుకుని, సూది వేసుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, భార్యను తీసుకుని బయల్దేరాడు. ఆడవాళ్లు పరదా వెనక, మగవాళ్లు ముందుగదిలో. నేలమీద దస్తర్‌ఖాన్ బట్ట పరిచి ఉంది. ఖర్జూరాలు, పళ్లముక్కలు, పకోడీలు, గులాబీ షర్బత్ జగ్గు, అన్నీ ఉన్నాయి. ఒక్కరూ ముట్టరు. పొద్దు కుంకి సైరన్ మోగితే తప్ప ముట్టకూడదు. పొద్దు చూస్తే ఇంకా డాబాల మీద తీరిగ్గా కూర్చుని ఉంది.

"రావ్ సాబ్, మీకు రోజా లేకపాయె. మీరు కానియ్యుండ్రి, ఫికర్ లేదు," అన్నాడు షఫీఉద్దీన్.

"అయ్యయ్యో, మీరందరూ ఉపవాసం ఉండగా నేనొక్కణ్ణీ ఎలా తింటానండీ!"

అది మర్యాద. పొద్దున్నుంచీ నీళ్లు కూడా ముట్టనివాళ్ల ముందు నమలడానికి ఏ తెనాలివాడికి మాత్రం నోరాడుతుంది? 'నేను సూది వేసుకున్నాను, తినాలి' అన్న ఒక్కమాట చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. పరదా అవతల హైమవతి గాజుల చప్పుడు వినబడగానే ఆ మాట వెనక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి చొక్కా వీపుకు అంటుకుంది. చేతులు వణకసాగాయి. తొడల కింద దాచుకున్నాడు. ఎదురుగా ఉన్న ఖర్జూరం ఒకటి రెండుగా కనిపించింది. అప్పుడొచ్చింది కోపం, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే తెలియదు.

"ఇది భోజనమా, కిరసనాయిలు క్యూనా?" అని అరిచాడు. "పిలిచి కూర్చోబెట్టి ఎండగడతారా?"

ఆయన లేవబోయి తూలి, పకోడీల పళ్లెంలో చెయ్యి పెట్టాడు.

తెల్లగడ్డం చాచా లేచి నిలబడ్డాడు. "పీకో ఆయే క్యా ఇనో?"

తాగి వచ్చాడా అని. రంజాన్ నెలలో, ఇఫ్తార్ ముందు. షఫీఉద్దీన్ ముఖంలో రక్తం లేదు. "రావ్ సాబ్, గిట్ల చేస్తరా మా ఇంట్ల?" అన్నాడు మెల్లగా.

శ్రీహరిరావుకు ఆ మాట వినబడింది. జవాబు చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది.

పరదా తొలిగింది. మగవాళ్ల మధ్యలోకి హైమవతి వచ్చేసింది. భర్త ముఖం చూసి, షర్బత్ జగ్గు ఎత్తి, గ్లాసు కోసం కూడా చూడకుండా ఆయన నోటికి ఆనించింది. "మింగండి. ఊఁ, మింగండి."

వెనకే నూరున్నీసా పరుగెత్తుకొచ్చింది. "హైమా! గది మస్తు షక్కర్, నీకు జహర్, ముట్టకు!"

"నాకు కాదు ఆపా, ఈయనకి. ఆ సీసా ఈయనదే. షుగర్ ఈయనకే."

"యా అల్లా! షుగరున్న మనిషికి షర్బత్ పోస్తున్నవా? చంపుతవా?"

"సూది వేసుకుని వెంటనే తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది ఆపా. చెమట, వణుకు, పిచ్చికోపం, అన్నీ అందుకే. తెలివి ఉండి మింగగలిగినంతసేపూ ఇదే మందు. డాక్టరు చెప్పాడు. ఈయన వినలేదు, చెప్పులు చూసుకుంటున్నాడు."

అప్పుడు మోగింది సైరన్. ఎవరూ ఖర్జూరం అందుకోలేదు. ముందుగా తేరుకున్నది చాచా. ఒక పండు తాను నోట్లో వేసుకుని, ఇంకోటి శ్రీహరిరావు చేతిలో పెట్టాడు.

చొక్కా అంతా గులాబీరంగు మరకలతో, తెలివి మెల్లగా తిరిగొస్తుంటే, తిరిగి రాకపోతే బాగుండుననుకుంటూ కూర్చున్నాడాయన. తాగుబోతన్నందుకు కాదు. నూరున్నీసా హైమవతి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది.

"ఎన్ని దావత్‌లల్ల నీ ముందటికెల్లి పళ్లెం గుంజుకున్న బహెన్! ఒక్కపారన్న చెప్పరాదా?"

"ఊరుకో ఆపా. ఇంటికెళ్లి ఆయన గిన్నె నేనే ఊడ్చేదాన్ని."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేకపోయాడు. నవ్వే హైమవతి ముఖం అన్నాళ్లూ పేపరు అడ్డం పెట్టుకుని ఆయన సరిగ్గా చూడనే లేదు.

షఫీఉద్దీన్ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "మా అబ్బా గూడ గిట్లనే దాచిండు రావ్ సాబ్. కాలికి పుండైతె చెప్పు గుచ్చిందన్నడు. కాలు తీసేసినంక చెప్పిండు షుగరని. గీ బీమారీకి సిగ్గుపడితె, గది సిగ్గుపడి పోతదా చెప్పుండ్రి?"

మర్నాడు శ్రీహరిరావు సీసా కోసం వెళ్లి గుమ్మంలో నిలబడి, ఎటో చూస్తూ, "నా మందు..." అన్నాడు. ఆ తర్వాత ఆఫీసులో ఏడుకొండలు బల్ల దగ్గరికి వెళ్లి, ఏమీ చెప్పకుండా, ఒక పటికబెల్లం పొట్లం పెట్టి వచ్చాడు. చక్కెర పడిపోతే నోట్లో వేసుకోవడానికి అలాంటిదే ఒకటి తన చొక్కా జేబులోనూ ఉంది. ఇఫ్తార్‌కు పిలిచినప్పుడల్లా నూరున్నీసా ముందుగా రెండు రొట్టెలూ కూరా పంపి, "తిన్నంకనే సూది, సూది కాంగనే రావద్దు" అని కేకేసి చెప్పేది. డాక్టరు చెప్పింది సూది వేసుకున్న అరగంటలో తినమని. ఆవిడ దాన్ని తలకిందులు చేసేది. హైమవతి ప్రతిసారీ వెళ్లి సరిచేసి వచ్చేది.

ఇప్పుడు శ్రీహరిరావు పింఛను తీసుకుని సంతోష్‌నగర్‌లో ఉంటున్నాడు. రెండు కాళ్లూ ఉన్నాయి. ఈ కథ ఆయన ముందు ఎత్తితే, జేబులో పటికబెల్లం పొట్లం గరగరమంటుండగా, కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు.

"అంతా కట్టుకథ. చాచా లేడు, షర్బత్ లేదు. ఆ ఫ్రిజ్‌లో సీసా ఏదీ లేదు. ఒకవేళ ఉన్నా నాది కాదు," అంటాడు. "మా ఆవిడది."