మూడో పుస్తకంలోని ముడి

బైండింగు షాపులో ఆమెను అందరూ కుట్టమ్మ అనేవారు. అచ్చయిన ఫారాలను, అనగా పదహారేసి పేజీల మడతలను, వరుసగా పేర్చి సూదీదారాలతో పుస్తకంగా కుట్టడం ఇరవైయారేళ్లుగా ఆమె వృత్తి. యాభయ్యో ఏట చూపు మసకబారి, రెండేళ్లలో పూర్తిగా పోయింది. అటుపిమ్మట ఏడాదిపాటు అంధుల శిక్షణ కేంద్రానికి వెళ్లి, కర్ర సాయంతో వీధి దాటడం, పొయ్యి వెలిగించుకోవడం, సూదిలో దారం ఎక్కించడం ఓనమాల నుంచి నేర్చుకున్నది. మళ్లీ పనిలో చేరతానని అడగబోతే, షాపు యజమాని ఔననలేక, కాదనలేక నసిగాడు.

"మూడు పుస్తకాలు సొంతంగా కుట్టి పట్రా కుట్టమ్మా. చూసి చెప్తాను."

ఆమె తన అక్క ఇంట ఉంటున్నది. అక్కది చెల్లెలిని కాలు కింద పెట్టనివ్వని ప్రేమ. షాపులో వరుసగా పేర్చి ఇచ్చిన ఫారాలతో మూడు రోజులు కూర్చుని కుట్టమ్మ పుస్తకాలు ముగించింది. నాలుగో రోజు ఉదయం వాటిని మూట కట్టబోతూ, కుట్టు ఉండే వీపుల వెంట వేళ్లు నడిపించింది. మూడో పుస్తకం చివర వేళ్లు ఆగిపోయాయి.

"అక్కా, ఇదెవరు కుట్టారు?"

"నువ్వే కదే."

"ఈ ముడి నాది కాదు. ఇది గుండీకి వేసే ముడి."

అక్క వంటగది గుమ్మంలో నిలబడిపోయింది.

"ఒక ఫారం తలకిందులైందే. నిన్న నువ్వు బజారుకెళ్లొచ్చేలోగా విప్పి కుట్టేశాను. ఆయన ముందు నువ్వు తలదించుకుంటే నేను చూడలేను."

"చూడలేకపోవడం నా వంతక్కా, అది నాకొదిలెయ్యి. రేపు షాపులో ఇంకో ఫారం తిరగబడితే, నువ్వొచ్చి విప్పుతావా?"

కుట్టమ్మ ఆ దారం కోసేసి, ఫారాలు విడదీసి, చాలాసేపు ఆలోచించింది. ఏది తలవైపో ఇన్నాళ్లూ అక్షరాలు చూసి కళ్లు చెప్పేవి. అచ్చు వేళ్లకు అందదు.

"తలవైపు ఏదో చెప్పు, అంతే. చెయ్యి పెట్టకు."

అక్క చెబుతుండగా ఒక్కొక్క ఫారం పైమూల సూదితో పొడిచింది. కాగితంపై లేచిన బొడిపెను తడుముకుంటూ పుస్తకం తిరిగి కుట్టింది.

మధ్యాహ్నం షాపులో యజమాని మూడింటినీ పేజీ పేజీ తిప్పి చూశాడు.

"మూడోదాంట్లో ముందు ఒక ఫారం తిరగేసి కుట్టానండి" అని ఆమే చెప్పింది. "అక్క సరిచేసింది. అది విప్పి మళ్లీ నేనే కుట్టాను."

"చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"తెలియాలండి. మడతపెట్టేవాళ్లు తలవైపు ఒక్క సూదిపోటు పొడిస్తే నాకు చాలు. పొడవకపోతే మళ్లీ తిరగబడతాయి."

"మడతల దగ్గరున్నది మా మేనల్లుడు. మతిమరుపు మహారాజు."

"మరిచిపోతే కట్టంతా వెనక్కి పంపుతాను. రెండుసార్లు మర్చిపోడు."

యజమాని నవ్వబోయి మానుకుని, కుట్టుపై వేలు ఆనించి చివరి ముడి దాకా నడిపించాడు.

"ఒక నెల చూద్దాం. గోడపక్క బల్ల ఖాళీగానే ఉంది."

ఆమె బల్ల అంచులు తడిమి, సూది కుడివైపు, దారం ఎడమవైపు పెట్టుకున్నది. వాకిట వేచి ఉన్న అక్క దగ్గరకు వచ్చింది.

"సాయంత్రం వస్తానే, తీసుకెళ్తాను."

"రాకక్కా. ఆలస్యమైతే అన్నం మూతపెట్టి ఉంచు."

అక్క కాసేపు అక్కడే నిలబడి, తర్వాత ఒక్కతే మెట్లు దిగింది.