నా భార్య పూర్వ వివాహాలు

వీసా ఆఫీసు నుంచి ఆ ఉత్తరం మెయిల్లో వచ్చింది. నేనప్పుడు రేవులో, క్రేన్ కేబిన్‌లో ఉన్నాను. ఓడలోంచి బొగ్గు దింపుతున్నాం. కేబిన్‌లో ఫోన్ చూడకూడదు, అయినా చూశాను. రెండు పేజీల ఇంగ్లీషులో నాకు అర్థమైంది ఇది: మీ భార్యకు ఇంతకుముందు వివాహం జరగలేదని దరఖాస్తులో రాశారు. ఆమె పాత పాస్‌పోర్ట్ చివరి పేజీలో భర్త పేరు దగ్గర వేరే మనిషి పేరుంది. ముప్పై రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి. అది సరిపోదనిపిస్తే దరఖాస్తు తిరస్కరిస్తాం, ఆపైన ఐదేళ్లు మళ్లీ పెట్టుకోవడానికి వీలుండదు.

నాకు నలభై మూడేళ్లు. సముద్రం అవతల ఒక రేవులో క్రేన్ ఆపరేటర్ ఉద్యోగం ఖాయమైంది, వీసా ఒక్కటే మిగిలింది. ఇక్కడ నా కాంట్రాక్టు మార్చితో సరి. కొత్తగా వచ్చేవి కింద గదిలో కూర్చుని కంప్యూటర్ మీద నడిపే క్రేన్లు, వాటికి నాలాంటి వాళ్లు అక్కర్లేదు. ఐదేళ్లు పోయాక నలభై ఎనిమిదేళ్లవాణ్ని ఎవరు పిలుస్తారు? ఒంట్లో బాగోలేదని చెప్పి నిచ్చెన దిగిపోయాను.

తప్పు నాదే. పొరపాటున జరిగిందని చెప్పుకోవడానికి కూడా లేదు.

మాది గోదావరి వైపు, నాన్న పోర్టు ఉద్యోగంతో ఇక్కడికి వచ్చి పడ్డాం. ఏడేళ్ల కిందట పెళ్లిచూపులకి గోపాలపట్నంలో నా భార్య వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లాను. ఆమెకి ఇంతకుముందు పెళ్లయిందని, భర్త పోయాడని మధ్యవర్తి ముందే చెప్పాడు. టీలు తాగాక వాళ్ల అన్నయ్య గొంతు సవరించుకుని, "ముందు జరిగిందేటో మీకు సెప్పాలి కదా బావా" అని మొదలుపెట్టాడు. నేను చెయ్యెత్తి ఆపేశాను. "ఆ మాటలు నాకొద్దు బావా. జరిగిందేదో జరిగిపోయింది. నా ఇంట్లో ఆ ఊసే రాదు" అన్నాను. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడని అందరూ అనుకున్నారు. నేను కూడా అదే అనుకున్నాను. దాచడం ఎందుకు, ఆ మురిపెం నాకు చాలా ఏళ్లు ఉంది.

మాట మీద నిలబడ్డాను. ఆ పోయినాయన పేరు కూడా తెలుసుకోలేదు. ఆమె ఏదో చెప్పబోయి ఆగితే టీవీ సౌండ్ పెంచేవాణ్ని. పాస్‌పోర్ట్‌లో నా పేరు ఎక్కించాల్సి వచ్చినప్పుడు, ఆ కాగితాలు నా కంట పడకూడదని వాళ్ల అన్నయ్యని తోడిచ్చి పంపాను. మధురవాడలో వీసా కన్సల్టెంటు పాత పాస్‌పోర్ట్ కూడా కావాలంటే తెచ్చి ఇచ్చాను గానీ తెరవలేదు. తెరవకపోవడమే మర్యాద అనుకున్నాను.

కుటుంబ వివరాలు మాత్రం మీరే నింపండి సార్, మాకు తెలియవు కదా అన్నాడు కన్సల్టెంటు. ఒక ఆదివారం లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. మీ భార్యకు ఇంతకుముందు వివాహం జరిగిందా? అవును అని నొక్కితే కింద ఇంకో నాలుగు గడులు తెరుచుకున్నాయి. అతని పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిన తేదీ, ఆ పెళ్లి ఎప్పుడు ఎలా ముగిసింది. ఆమె నాలుగడుగుల దూరంలో చేపలు కడుగుతోంది. అడిగితే ఐదు నిమిషాల పని. అడగలేదు. కాదు అని నొక్కాను, గడులు మూసుకుపోయాయి. అబద్ధమాడుతున్నానని అనిపించలేదు. ఆ పెళ్లిని నేను లెక్కలోకి తీసుకోలేదు, అంతే. వీసావాళ్లు తీసుకుంటారని ఆ క్షణాన ఎందుకు తట్టలేదో, తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి, ఫోన్ ఆమె ముందు పెట్టి, "నీ ముందు పెళ్లి గురించి అడుగుతున్నారు" అన్నాను. ఏడేళ్లలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

ఆమె నా మొహంలోకి చూసి, "ఏ పెళ్లి గురించండి?" అంది.

"ఏ పెళ్లంటే?"

"రెండు కదండీ. మొదటిది మా మేనమామతో, పద్దెనిమిదేళ్లప్పుడు. ఎనిమిది నెల్లు ఉన్నాను. కొడతన్నాడని మా అన్నయ్య తీసుకొచ్చీసినాడు. పెద్దమనుషులు కూకుని తెగతెంపులు సేసీసినారు, కోర్టుకి ఎల్లలేదు. పాస్‌పోర్టులో ఉన్నాయన రెండోవారు. గల్ఫ్ తీసుకెళ్దామని ఆయనే అది సేయించారు."

"ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. అరిచాక గానీ, అలా అరిచే అర్హత నాకు లేదని తెలియలేదు.

"సెప్పనిచ్చారేటండి?" అంది. గొంతు కూడా పెంచలేదు. "ఏ రోజైనా అడుగుతారేమోనని సూసినాను. మొదటి యేడాది, నా మీద దయ వల్ల అడగట్లేదనుకున్నాను. తరవాత తెలిసింది, మీకు వినడం ఇష్టం లేదని."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నిజం చెప్పాలంటే, ఆ సిగ్గు కన్నా ముప్పై రోజుల గడువు భయమే ఎక్కువగా ఉంది.

మర్నాడు కన్సల్టెంటు దగ్గర కూర్చుంటే అతను తేలిగ్గా తీసిపారేశాడు. "రెండోది రాద్దాం సార్, డెత్ సర్టిఫికెట్ ఉంది కదా. టైపింగ్ మిస్టేక్ అని పెడదాం. మొదటిది ఒగ్గేయండి. ఎక్కడా రికార్డు లేదు. పైగా కోర్టు విడాకులు లేవంటే, తరవాత పెళ్లిళ్లు కూడా సెల్లవంటారు, మీ పెళ్లితో సహా."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్లి ఆమెని బతిమాలాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ ఒక్కటి రాయకపోతే ఎవరికి నష్టం, ఎవరికి తెలుస్తుంది, నా వయసు చూడు, మార్చి తర్వాత ఏం తింటాం అని అడిగాను.

"నాకు ముందు బతుకే లేదని ఒకసారి రాసి పంపినారు కదా" అంది. "రెండూ రాయండి. లేదంటే ఆ ఫారంలోంచి నా పేరు తీసీయండి. మీరొక్కరూ ఎల్లండి."

ఒంటరిగా వెళ్లే సంగతి నేను ఒక రోజంతా ఆలోచించాను. ఈ మాట ఆమెకి ఇంతవరకూ చెప్పలేదు.

చివరికి రెండూ రాశాం. ఆమె చెబుతూ ఉంటే నేను రాసుకున్నాను. పేర్లు, తేదీలు. తెగతెంపుల కాగితం ఎప్పుడో చెదలు తినేసిందట. నేనూ వాళ్ల అన్నయ్యా వాళ్ల ఊరు వెళ్లి, ఆ రోజు కూర్చున్న ఐదుగురు పెద్దల్లో బతికున్న ఇద్దర్నీ కారెక్కించి నోటరీ దగ్గరికి తెచ్చాం. తమ కులంలో ఇలా విడిపోవడం ఆచారమేనని వాళ్లు అఫిడవిట్ ఇచ్చారు. వాళ్లలో ఒకాయన వేలిముద్ర వేసి, "మీ ఆవిడని పెళ్లి సేసుకున్న ఏడేళ్లకి అడగతన్నావేటి బాబూ?" అన్నాడు. నేను కారు తలుపు తీసి పట్టుకున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న దగ్గర కన్సల్టెంటుతో గొడవైంది. "నేను నా భార్యని అడగలేదు" అని రాయమన్నాను. ఎవరు నమ్ముతారు సార్ అన్నాడు. నిజం అదేనన్నాను. ఇరవై ఎనిమిదో రోజున పంపాం.

రెండు నెలలకి జవాబొచ్చింది. తిరస్కరించారు, ఐదేళ్ల నిషేధంతో సహా. పెద్దల అఫిడవిట్ గురించి, కోర్టు విడాకుల గురించి ఒక్క ముక్క లేదు. కారణం ఒకటే రాశారు. ఏడేళ్లుగా కలిసి బతుకుతున్న భర్తకి తన భార్య మునుపటి భర్త పేరు కూడా తెలియదనడం నమ్మశక్యంగా లేదట. మా వివాహం నిజమైనదేనా అన్న సందేహం కూడా ఉందట. ఒక్కో వాక్యం చదివి ఆమెకి తెలుగులో చెప్పాను. క్రేన్ పోయింది, ఆ దేశం పోయింది, ఇక ముందేమిటో తెలియలేదు.

ఆమె ఉతికిన నా డ్యూటీ చొక్కాలు మడత పెడుతూ వింది. "ఆల్లు రాసిందాంట్లో తప్పేటుందండి?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫారానికి ఆమె రెండో భర్త పోయిన తేదీ చాలు కాబట్టి, నేను తేదీ ఒక్కటే అడిగి ఊరుకున్నాను.

"ఆయన ఎలా పోయారు?" అన్నాను.

ఆమె చొక్కా ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఇది ఏ గడిలో రాయాలండి?" అంది.