పిట్టకు పోసిన ఒడిబియ్యం

మొన్న మా కాలనీలో ఆటోకు మైకు కట్టుకుని ఒకతను, ఆదివారం పొద్దున ఉచిత కంటి పరీక్షల క్యాంపు ఉందని, రింగురోడ్డు దాకా వినపడేట్టు చెబుతూ పోతుంటే, బాల్కనీలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న నాకు నవ్వు ఆగలేదు. కంటి పరీక్షలో నవ్వడానికేముందని మా కోడలు వింతగా చూసింది. ఆమెకు చెప్పాలంటే గంట పడుతుంది, నా ఈడు వాళ్ళకు సగం చెబితే చాలు. అరవైల్లో మా పల్లెల్లో క్యాంపు అంటే ఒకటే క్యాంపు, పిల్లలు పుట్టకుండా ఆడవాళ్ళకు లూపు వేసే క్యాంపు. ఆ లూపునే మా వైపు రింగు అని కూడా అనేవారు. పట్నం జీపు కనపడితే చాలు, ఆడవాళ్ళు చంటిపిల్లల్ని చంకనేసుకుని చేలల్లో పడేవారు.

నేను అప్పుడే జంతుశాస్త్రంలో బీఎస్సీ ముగించి సంగారెడ్డిలో మా ఇంటికొచ్చి కూర్చున్నాను. మా నాయన అక్కడి మిషను బడిలో హెడ్మాస్టరు, ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పేవాడు, నవ్వడం ఆయనకు ఖర్చుతో కూడిన పని. తన బడిలోనే నాకు టీచరు ఉద్యోగం చూసిపెట్టాడు, సోమవారం చేరాలి. సరిగ్గా అప్పుడే కాలేజీలో మాకు పాఠం చెప్పిన సారు, చలికాలం మన చెరువులకు వలస వచ్చే పిట్టల్ని పట్టి, కాళ్ళకు రింగులు తొడిగి, అవి ఎక్కడెక్కడికి పోతాయో తెలుసుకునే పనికి నన్ను సాయంగా రమ్మని కబురు పెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మగపిల్లలతో కలిసి పిట్టల వెంట తిరిగే ఉద్యోగమేమిటని నాయన రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. చివరికి అమ్మ మధ్యలో పడితే ఒక ఒప్పందానికి వచ్చాడు: శనివారం తానూ వచ్చి కళ్ళారా చూస్తాడు, తన బిడ్డ చేయదగ్గ పనే అనిపిస్తే సరే, లేదంటే సోమవారం బడి. నా బతుకంతా ఆ ఒక్క రోజు మీద ఉందని ఆ రాత్రి నిద్రపట్టక అనుకున్నాను, ఇప్పుడు వెనక్కి చూసుకున్నా అది అబద్ధమనిపించదు.

కాజీపల్లి వైపు ఒక చెరువు ఉండేది, మంచి నిండు చెరువు. మేము చేరేసరికి పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు, సారూ నలుగురు విద్యార్థులూ అప్పటికే తుంగలో కంటికి ఆనని సన్నదారపు వలలు కట్టేశారు. నీళ్ళ మీద మంచు, దాని మీద నుంచి వేల పిట్టల కూతలు. తుంగలో రాత్రి పడుకున్న పసుపుపచ్చ పిట్టలు లేస్తూనే వలల్లో పడుతుంటే, నేను ఒక్కొక్కదాన్నీ మెల్లగా విడిపించి గుడ్డసంచిలో వేసి తెచ్చేదాన్ని. ఆ సంచులు అమ్మ కుట్టినవి. గట్టు మీద బండరాయిపై కోటు వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చున్న నాయన వాటి అంచులు చూసి, ఇది నా పంచ కదా అన్నాడు. ఆ పూట ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

ఊళ్ళోవాళ్ళు వచ్చి పశువుల్ని వలల వైపు రాకుండా చూసుకోవాలని సారు ముందుగానే ఏర్పాటు చేశాడు. అందుకని ముందురోజు సాయంత్రం సారు వాళ్ళ జీపు డ్రైవరు ఊరి మధ్యన బండి ఆపి చాటింపు వేసి వచ్చాడట. తెల్లగా తెల్లవారినా ఒక్క మనిషి జాడ లేదు, బర్రెలు మాత్రం వచ్చాయి. తోలేవాళ్ళు లేకుండా, ఊరి బర్రెలన్నీ, అలవాటైన దారిన నీళ్ళలోకి, అంటే నేరుగా మా వలల్లోకి. సారు అటూ ఇటూ ఉరుకుతున్నాడు, నేను కుచ్చిళ్ళు పైకి దోపుకుని బురదలోకి దిగాను. వెనక్కి తిరిగి చూద్దును కదా, నా తండ్రి, సంగారెడ్డిలో పిల్లలు నీడను చూసి జడుసుకునే మనిషి, కోటుతో సహా మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గొడుగు తెరుస్తూ మూస్తూ బర్రెల్ని అదిలిస్తున్నాడు. ఒక వల పోయింది, మిగతావి దక్కాయి. దక్కించింది గొడుగే.

ఆయన గట్టెక్కి బూట్లలో నీళ్ళు ఒంపుకుంటూ ఉండగా జొన్నచేనులో నుంచి ఒక ముసలవ్వ బయటికి వచ్చింది. చేతిలో కట్టె ఉంది. మమ్మల్నందర్నీ వదిలేసి తిన్నగా నాయన ముందుకు పోయింది, కోటు ఉన్నవాడే పెద్ద అనుకున్నట్టుంది.

“పంతులువు లెక్క ఉన్నవ్, జెరంత ఇజ్జత్ లేదా నీకు?” అంది. “మా కోడండ్లను పట్టుడు సాలక, పెండ్లిగాని నీ బిడ్డెను గూడ ఎంటేసుకొని రింగులేయ వస్తివా?”

నాయన ముఖం కందగడ్డ అయింది. అప్పుడు గానీ మాకు తట్టలేదు. రేపు పొద్దుగాల చెరువు కాడ క్యాంపు ఉన్నది, పట్నం నుంచి సార్లూ మేడమూ వచ్చి రింగులేస్తరు, అందరూ రాండ్రి అని మా డ్రైవరు చాటింపు వేశాడట. అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఊరి ఆడవాళ్ళంతా కోడి కూయకముందే జొన్నచేలల్లో దాక్కున్నారు, మగవాళ్ళు ఏ గొడవా మనకొద్దని ముత్తంగి వైపు నడిచిపోయారు. నాయన గొడుగు మడిచి, “ఇగ పోదాం నడువు” అన్నాడు నాతో. ఆ మాట విని నా గుండె చెరువులో పడింది. ఏం చెప్పినా వినే ముఖం కాదది. ఏం చేయాలో తోచక, పట్టకారుతో అప్పుడే రింగు నొక్కి చేతిలో పట్టుకుని ఉన్న పిట్టను అట్లాగే తీసుకుపోయి అవ్వ ముఖం ముందు పెట్టి, “అవ్వా, మేం రింగేసేది దీనికి” అన్నాను.

అవ్వ వంగి చూసింది. నా రెండు వేళ్ళ మధ్య దాని మెడ, గోధుమగింజంత కన్ను, గడ్డిపరకలాంటి కాలికి మెరిసే రింగు.

“ఇదా?” అంది. “మా ముడ్డితిప్పుడు పిట్టకా?” నాయన గట్టిగా దగ్గాడు. తోక ఆడిస్తూ నడిచే ఆ పిట్టను ఆ ఊళ్ళో అట్లాగే అంటారు మరి. అవ్వ ఇంకా చూస్తూనే ఉంది. ఉన్నట్టుండి చేను వైపు తిరిగి గొంతెత్తింది. “ఓ పిల్లలూ, రాండ్రే. పిట్టకు మెట్టెలు తొడుగుతుండ్రు.”

జొన్నచేను ఆడవాళ్ళుగా మారి కదిలి వచ్చినట్టు వచ్చారు. చంకల్లో పిల్లలు, కొప్పుల్లో జొన్నాకులు, ఒకటే నవ్వులు. మెట్టెలు తొడిగారు సరే మొగుడేడీ అని ఒకామె, ఏ ఊరికిచ్చారని ఇంకొకామె. మంచుకొండలు దాటి పోతుంది, మళ్ళీ చలికాలం వస్తుంది అన్నాను. గుడ్లు పెట్టేదీ పిల్లల్ని సాకేదీ అక్కడే కాబట్టి అదే దాని ఇల్లని సారు పాఠం మొదలుపెట్టబోతే అవ్వ ఒప్పుకోలేదు. కని పెంచి కష్టపడేది అత్తింట్లో, తిని కూర్చునేది పుట్టింట్లో, అందుకని పిట్టకు మన చెరువే పుట్టిల్లు అని తేల్చేసింది. నాకు ఇప్పటికీ అదే నిజమనిపిస్తుంది.

పుట్టింటి నుంచి పోయే ఆడపిల్లను వట్టిచేతులతో పంపరాదు కదా. కోడలిని ఇంటికి ఉరికించి పసుపు కలిపిన బియ్యం తెప్పించింది. పిట్టకు ఒడి ఎక్కడిది, అందుకని నా కొంగు పట్టించి అందులో పోసింది. “ఇది నీకు గాదు బిడ్డా, పిట్టకు. నీకు నీ పెండ్లయినంక” అని హెచ్చరిక కూడా చేసింది. మా ఇంట్లో ఆ ఆచారం లేదు, నాయన ఏమంటాడోనని నాకు భయం. ఆయన దగ్గరికొచ్చి చేయి చాపాడు. పిట్టను ఎట్లా పట్టుకోవాలో చూపించి ఆయన అరచేతిలో పెట్టాను, పాఠం చెప్పేవాడు ఆ ఒక్కసారి నా దగ్గర నేర్చుకున్నాడు. దాని గుండె కొట్టుకోవడం వేళ్ళకు తగిలిందేమో, నోరు కొద్దిగా తెరుచుకుంది, చిన్నపిల్లవాడి నోరు తెరుచుకున్నట్టే. చేయి విప్పాడు. అది పైకి లేచి, పడుతూ లేస్తూ, చెరువు మీదుగా పోయింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వారు, మా నాయన కూడా.

ఆ తరువాత మధ్యాహ్నం దాకా బర్రెల్ని వాళ్ళే ఆపారు, సంచులు వాళ్ళే అందించారు, ప్రతి పిట్టకూ ఒక మొగుణ్ణి చూశారు. తిరుగు బస్సులో నాయన ఏం తేల్చుకున్నాడో అడిగే ధైర్యం చేయలేదు నేను. ఇంటికి చేరాక, నా కొంగు మూట విప్పి, ఈ పసుపు బియ్యం ఏంటివని అమ్మ అడిగింది.

“ఒడిబియ్యం” అన్నాడు నాయన, తడి బూట్లు విప్పుకుంటూ. “నీ బిడ్డె పనికి పోతున్నది గదా, ఊరోళ్ళు పోసి పంపిండ్రు.”

అమ్మ నా వైపు చూసింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషంతో.

డెబ్బైలు ముగిసేదాకా ఆ పనిలోనే ఉన్నాను. చలి మొదలవగానే నాయన, మీ ఆడపిల్లలు దిగిండ్రా అని అడిగేవాడు. ఆ చెరువు చుట్టూ మందుల కంపెనీలు ఒకటొకటిగా లేచాయి, నీళ్ళ రంగు మారింది, వాసన మారింది. పోయిన శీతాకాలం పొద్దున్నే అటు పోయాను. కంపెనీ బస్సు ఆగింది, భుజాన బ్యాగులతో ఆడపిల్లలు దిగారు, మొదటి షిఫ్టు. ఎవరి తండ్రీ గొడుగు పట్టుకుని వెంట రాలేదు, ఎవరూ ఎవరినీ ఒప్పించి వచ్చినట్టు లేదు. వాళ్ళను చూసి నాకు కడుపు నిండింది. చెరువు వైపు చూస్తే మాత్రం నురగ తప్ప ఏమీ లేదు. మా రోజుల్లో ఇక్కడికి రావడానికి పిట్టలకు అడ్డు లేదు, ఆడపిల్లకే ఉండేది. ఇప్పుడు ఆడపిల్లలు వస్తున్నారు, పిట్టలు రావడం లేదు. పిట్టలూ నేనూ కలిసి వచ్చిన కొన్ని చలికాలాలు మాత్రం నాకు దక్కాయి.