సుజాతక్క నేర్పిన 6174

నిన్న పొద్దున తార్నాకలో బస్సు దిగుతుంటే హాస్టల్ నుంచి ఫోన్.
సుజాతక్క ఇక లేదట.

మామూలు జ్వరమే అనుకున్నాం. మొన్న సాయంత్రం హాస్పిటల్ బెడ్ మీద నుంచి కూడా మెసేజ్ పెట్టింది: "సోమవారం ఫస్ట్ బెంచ్‌ల మూలకు కూసుంటా. భయపడకు."



తెలియనివాళ్లకు: అక్క మా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ స్కాలర్, నా రూమ్మేట్. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేను. క్యాంపస్‌లో మొదటి నెల బోర్డు దగ్గరికి పిలిస్తే బెంచీ వదిలి లేచేదాన్ని కాదు.

ఒకరోజు క్లాసులో ఏడ్చి బయటికొస్తే, అక్క నన్ను తార్నాక సిగ్నల్‌కు తీసుకెళ్లి ఒక బైక్ నంబర్ చూపించింది. 3524.

"అంకెలను పెద్ద నుంచి చిన్నకు రాయి. మళ్ల ఉల్టా రాయి. పెద్దదాంట్ల నుంచి చిన్నది తీసెయ్."

5432లోంచి 2345 తీస్తే 3087. మళ్లీ అలాగే చేస్తే 8352. మళ్లీ చేస్తే 6174.
"ఇంకోసారి చెయ్."
మళ్లీ 6174 వచ్చింది!

"ఇగ గాడనే ఉంటది. నాలుగూ ఒకటే అంకె కాకుంటే సాలు, ఏ బండి నంబరైనా ఏడుసార్లు దాటకుండ గీడికే వస్తది."

నేను మౌలాలి వెళ్లే ఆటో ఒకటి చూసి మొదలుపెట్టాను. 2111. తీసేస్తే 999. మళ్లీ తీసేస్తే సున్నా.
"అక్కా, ఇది సచ్చిపోయింది!"

ఆటో అన్న వెనక్కి తిరిగాడు. "నా బండి మంచిగనే ఉన్నది చెల్లె, ఎందుకు సంపుతున్నవ్?"

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "ముందున్న సున్నాను ఎందుకిడిసినవే పిల్లా? 0999 అని రాయి. ఖాళీ అయితే ఏంది, దాని జాగ దానికుండాలె."

రాశాను. 6174 వచ్చింది.

నిన్న అక్కను ఊరికి తీసుకెళ్లే అంబులెన్స్ నంబర్ మీద కళ్లు పడ్డాయి. అలవాటుగా మనసులో లెక్క మొదలైంది. మధ్యలో ఆపేశాను. ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే అన్న మాట మొదటిసారి నన్ను భయపెట్టింది.

అంతలో అమ్మ ఫోన్. "వచ్చెయ్ బిడ్డా. గా చదువు వద్దు, గీడ మనమంత ఉన్నం. నీకు గూడ జరమొస్తే నేనేం గావాలె?"

బ్యాగ్ సర్దేశాను కూడా.

సోమవారం నా మొదటి సెమినార్. టాపిక్ 6174. ఈ ఒక్కటి వదిలి వెళ్తే మళ్లీ ఆ బోర్డు దగ్గరికి రానని నాకు తెలుసు.

ఇవాళ పొద్దున లేచేసరికి ఎవరో తమ బట్టలు తెచ్చి అక్క మంచం మీద పెట్టారు. నేను వాటిని తీసి కుర్చీలో పెట్టాను. తర్వాత నా బ్యాగ్ విప్పాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.

క్లాస్‌మేట్స్‌కు ఒక రిక్వెస్ట్. సోమవారం ఫస్ట్ బెంచ్ మూలన ఎవరూ కూర్చోకండి.

భయం పోలేదక్కా. భయంతోనే నిలబడతా. బోర్డు మీద 0999 రాసేటప్పుడు అటే చూస్తా.

నీకిక జ్వరం లేదు, నొప్పి లేదు. నిమ్మళంగా పడుకో అక్కా.