ఏటికి అవతల వైద్యుడు

బస్తరు ఇంకా రాజుల ఏలుబడిలో ఉన్న రోజులవి. కోంటాలో, శబరి ఒడ్డుకు దగ్గరగా మాకు దుకాణం ఉండేది. ఉప్పు, పొగాకు, బట్ట అమ్మేవాళ్ళం. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ కొనేవాళ్ళం. ఎండాకాలమంతా నేను ఎడ్లబండి మీద భేజ్జి అంగడికి పోయి వస్తుండేవాణ్ణి. ఆ తిరుగుళ్ళలోనే నాకు కడుపునొప్పి పట్టుకుంది. అన్నం తిన్న కాసేపటికే బొడ్డు పైన నిప్పుకణిక పెట్టినట్టు మొదలయ్యేది. బండి ఆపి, కాడి పట్టుకొని వంగి నిలబడేవాణ్ణి. అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. చూస్తుండగానే నా చొక్కా నాకే వదులైపోయింది.

చూర్ణాలు మింగాను, కషాయాలు తాగాను, ఎవరో తెచ్చిచ్చిన వేరు నమిలాను. చివరికి మా నాన్న ఏటి అవతలి ఊరి నుంచి ఒక వైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన నా పొట్ట నొక్కాడు, నాలుక చూశాడు, చాలాసేపు నాడి పట్టుకొని కూర్చున్నాడు.

"మందులు చాలించుండ్రి. లంఖణాలు కట్టాలె. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప ఏమీ పొయ్యొద్దు. మజ్జిగ గూడ వద్దు," అన్నాడు.

"ఎన్నాళ్ళు అయ్యగారూ?" అని నాన్న అడిగాడు.

"అది నాలుక చెప్తది. మీదున్న పాచి పోయి ఎర్రగ రావాలె. లోపల్నుంచి నిజం ఆకలి లేవాలె. అప్పుడు నేనే వస్త, పథ్యం నా చేతుల మీదనే పెట్టాలె. లంఖణం చేసి ఎవడూ సావడు. పథ్యం తప్పి సస్తరు."

మా అమ్మ ముఖం అప్పుడే పాలిపోయింది. తలుపు చాటున నిలబడి నా భార్య కూడా ఆ మాటలన్నీ విన్నది.

మొదటి రోజుల్లో ఆకలి కంటే తలనొప్పి ఎక్కువ బాధించింది. భోజనాల వేళకు కడుపు అలవాటు కొద్దీ అరిచి, కాసేపటికి తనే ఊరుకునేది. ఆ తర్వాత ఆకలి అన్నదే పోయింది. నోరంతా చేదు. నాలుక మీద సున్నం పూసినట్టు తెల్లటి పూత. చివరికి నీళ్ళన్నా వెగటు పుట్టింది. ఎముకల్లో చలి; దుప్పటి కప్పుకొనే ఉండేవాణ్ణి. ఒంట్లో బలం తగ్గినకొద్దీ ముక్కు మాత్రం పదునెక్కింది. వెనక గదిలో పడుకొనే, పక్క ఇళ్ళలో చేపల పులుసు ఎప్పుడు దించారో చెప్పగలిగేవాణ్ణి. దుకాణంలో బెల్లం గంప మీద మూత తీస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

నొప్పి మాత్రం లేదు. ఎన్నో నెలల తర్వాత కాళ్ళు చాపుకొని నిద్రపోయాను. అందుకే ఓర్చుకున్నాను.

వైద్యుడు ఒకసారి వచ్చి చూసి, "పాచి ఇంక పోలే, కానియ్యి," అని వెళ్ళాడు. ఆయన వెళ్ళిన మర్నాటి నుంచి ముసురు పట్టింది. పైన ఎక్కడో కొండల్లో కురిసిందంతా శబరిలోకి దిగింది. రేవు మునిగింది. పడవవాళ్ళు పడవలను ఒడ్డు మీదికి లాగి చెట్లకు కట్టేశారు. ఇంట్లోకే ఏటి హోరు వినిపించేది. తాగే నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. నా భార్య చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది. మట్టి అడుక్కి దిగాక తేట వంచి, కాచి నాకు పట్టేది. ఆ చిన్న పనిలో ఆమె ఎన్నడూ తొందరపడలేదు.

నాన్న రోజూ రేవుకు పోయి తడిసి వచ్చేవాడు.

"ఏమంటుండ్రు పడవోళ్ళు?" అని అమ్మ ఎదురు వెళ్ళి అడిగేది.

"ఇంకో మనిషెత్తు ఎక్కింది ఏరు."

"బండి కట్టుండ్రి. జగదల్‌పూర్ దవాఖానాకు తోల్కపోదాం."

"ఏ తొవ్వన పోతవు? వాగులన్నీ నిండి ఉన్నయి."

ఒక ఉదయం గోడ పట్టుకొని పెరట్లోకి నడుస్తూ పడిపోయాను. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఏమీ కనపడలేదు. అమ్మ కేక ఎక్కడో పొలం అవతల నుంచి వచ్చినట్టు వినిపించింది. అమ్మా నాన్నా నన్ను ఎత్తి మంచం మీద వేశారు. అమ్మ వంటింట్లోకి పరుగెత్తి, పాలు పోసి కలిపిన అన్నం గిన్నెతో వచ్చింది. నాన్న గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"నా తమ్ముడు ఎట్ల పోయిండో మరిసినవా? లంఖణాల మీద పప్పన్నం పెడితే తెల్లారేసరికి లేడు."

"పెట్టకపోతే వీడు మాపటికి ఉండడు!"

"వైద్యుడు రావాలె."

"ఏరు తగ్గేదెప్పుడు? ఆయన వచ్చేదెప్పుడు? నా కొడుకును ఏటికి ఒప్పజెప్పుమంటవా?"

వాళ్ళు అలా అరుచుకుంటుంటే నా భార్య మంచం పక్కన కూర్చుని, నా గడ్డం పట్టుకొని, "నోరు తెరువుండ్రి," అన్నది. కిటికీ వైపు నా ముఖం తిప్పి చూసింది. "ఆకలైతుందా?" అని అడిగింది. అప్పుడు గాని నాకు తెలియలేదు. వెనకటి అలవాటు ఆకలి కాదది. గొంతు నుంచి కాళ్ళ దాకా ఒళ్ళంతా అన్నం అడుగుతున్నది. తల ఊపాను.

ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మా ఇంటికి వచ్చిన నాటి నుంచి మామగారి ఎదుట నిలబడి మాట్లాడింది లేదు.

"మామయ్యా, నాలుక ఎర్రబడ్డది. అయ్యగారు చెప్పిన గుర్తు వచ్చింది. అన్నం వద్దు. పేలాల నీళ్ళు పోస్త."

"నీకేం తెలుసమ్మా?"

"నాకేం తెలువదు. ఆయన చెప్పింది విన్న."

"ఏమన్న అయితే?"

"అయితే నాకే అయితది గద మామయ్యా."

నాన్న గుమ్మం వదిలి పక్కకు జరిగాడు.

వరి పేలాలు నీళ్ళలో ఉడికించి, పలచటి గుడ్డలో వడకట్టి తెచ్చింది. మొదటి చెంచా గొంతు దిగిందో లేదో పేగులు మెలిపెట్టాయి. దిగినదంతా బయటికి వచ్చింది. గుండె దడదడ కొట్టుకుంది. "సంపితివి గదనే!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. నా భార్య నా మూతి తుడిచింది. కొంచెం ఆగి మళ్ళీ పోసింది. ఈసారి నిలిచింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. నీళ్ళ రుచి తగలగానే నాకు పిచ్చెత్తింది. గిన్నె లాక్కోబోయాను. ఆమె లాగేసుకుంది. పచ్చిబూతు ఒకటి తిట్టాను, ఆ క్షణాన ఆమె నా కంటికి పగదానిలా కనిపించింది. ఆమె గిన్నెను కొంగు కింద దాచి, అలాగే కూర్చుని, నేను అలిసి వెనక్కి వాలాక మరో చెంచా పోసింది. సాయంత్రం దాకా అదే పని. మర్నాడు గంజి తేట, ఆ మర్నాడు పెసరకట్టు. మెత్తటి పాతబియ్యపు అన్నం ముద్ద నోట్లో పడేనాటికి ముసురు వదిలింది.

ఏరు దిగాక మొదటి పడవలోనే వైద్యుడు వచ్చాడు. బతికి ఉన్నానని అనుకోలేదేమో, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పథ్యం ఎవరు పెట్టిండ్రు?"

"మా కోడలు," అన్నాడు నాన్న.

ఆయన నాలుక చూశాడు, ఏమేమి పట్టారో అడిగాడు. "ఇంకొక్క రోజు ఆగితే మంచిగుండు," అన్నాడు.

"ఆయన ఆగేటట్టు లేకుండె," అన్నది తలుపు వెనక నుంచి నా భార్య.



పిల్లలు పుట్టాక ఒకసారి అడిగాను, ఆ రోజు నాలుక నిజంగా ఎర్రబడిందా అని. "అంచులకు కొద్దిగ," అన్నది. "మధ్యల ఇంక తెల్లగనే ఉండె."

నొప్పి పూర్తిగా పోలేదు. రెండు మూడేళ్ళు ఊరుకొని, తర్వాత వానాకాలాల్లో తొంగిచూసేది. పాత తీవ్రత లేదు గనక దానితోనే బండి తోలుకున్నాను. మళ్ళీ లంఖణాలు కట్టమని చుట్టాలు చెప్పేవాళ్ళు. నేను నోరు తెరిచే లోపే ఆమె, "మళ్ళ కూసొని చెంచాతోని పోసేదానికి నాకు శాతగాదు," అని వాళ్ళ ముందే నాకు అన్నం పళ్ళెం పెట్టేది.