మాట అందించే బాబాయి

బాబాయి ఎదుట ఎవరూ వాక్యం మధ్యలో ఆగకూడదు. ఆగితే మిగతా సగం ఆయనే పూర్తి చేసేస్తాడు. అడిగినా అడగకపోయినా, విషయం తెలిసినా తెలియకపోయినా, ఆ మనిషి మొహం అంతకుముందు చూసినా చూడకపోయినా సరే.

దీనికి ఇంటిల్లిపాదీ చెప్పుకునే కారణం ఒకటుంది. బాబాయి ముప్ఫై ఏళ్లు నాటకశాలలో ప్రాంప్టరుగా పనిచేశాడు. తెర పక్కన, ప్రేక్షకులకు కనబడని మూల, ముక్కాలిపీట మీద పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నటులు మరిచిపోయిన మాటను గుసగుసగా అందించడం ఆయన పని. ఆ పనికి ఒక నియమం ఉంది. నటుడు ఆగీ ఆగగానే అందించకూడదు, కావాలనే ఆగాడేమో ఎవరికి తెలుసు? మోకాలి మీద వేలితో మూడు లెక్కపెట్టి, అప్పుడు అందించాలి. నాలుగైందంటే జనానికి తెలిసిపోతుంది. నాటకశాల మూతబడి అయిదేళ్లయింది, అక్కడిప్పుడు మంచాలూ బీరువాలూ అమ్ముతున్నారు. బాబాయి వేలు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

ఆయన గుసగుస మామూలు గుసగుస కాదు. చెవిలో చెప్పినట్టే ఉంటుంది గానీ చివరి వరస దాకా వినబడుతుంది. ఒకసారి తెలిసినవాళ్ల రిజిస్టరు పెళ్లికి వెళ్లాడు. "ఈమెను భార్యగా స్వీకరించడం మీకు సమ్మతమేనా?" అని ఆఫీసరు అడిగాడు. పెళ్లికొడుకు నోరు తెరిచి ఆగిపోయాడు. మూడో వరసలో వేలు మూడుసార్లు ఆడింది.

"సమ్మతమే!"

ఆఫీసరు కలం గాల్లో పట్టుకుని పెళ్లికొడుకునీ బాబాయినీ మార్చి మార్చి చూశాడు. ఎవరి పేరు రాయాలో పాపం ఆయనకు పాలుపోలేదు.

ఆస్పత్రిలో అయితే ఇంకా అన్యాయం. లోపలి గదిలో డాక్టరు ఎవరికో "మీ రిపోర్టులన్నీ చూశాను, మీకున్నది..." అని కాగితం తిరగేయడానికి ఆగాడు. బయట బెంచీ మీంచి "ఏమీ లేదు!" అని వినబడింది. ఆ రోగి ఆనందంగా లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కాంపౌండరు వీధి మలుపు దాకా పరిగెత్తి అతన్ని వెనక్కి తీసుకురావలసి వచ్చింది.

ఇలాంటి బాబాయి ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లడానికి పోయిన ఏడాది వచ్చింది ఆయన అన్న కూతురు. బాబాయీ పిన్నీ మేడ మీద గది ఇచ్చారు. గదికి ఒక కిటికీ, కిటికీ కింద సందు, సందులో దాదాపు ఎప్పుడూ సన్నటి జల్లు. కలం పట్టుకుని కూర్చుంటే చాలు, అమ్మాయి చూపు సందులోకి జారిపోయేది. తడిసిన రాళ్ల మీద వెలుగు పడగానే అదంతా ఒక రంగస్థలంలా కనబడేది. కింద కొట్టు తలుపు తీసే దర్జీ, సైకిలు నడిపించుకుంటూ పోయే పోస్టుమాను, ఎవరి కోసమో ఆగి, రారని తెలిసి వెళ్లిపోయే ఎర్ర కోటు ఆవిడ, అందరూ తన కోసమే ప్రవేశించి నిష్క్రమిస్తున్నట్టుండేది. తేరుకుని చూసుకునేసరికి గంట గడిచిపోయేది, కాగితం మీద శీర్షిక మాత్రం ఉండేది.

ఆ ఏడాది వ్యాసరచన మేడమ్ నాలుగు వ్యాసాలు రాయమంది, ఒకదానికొకటి పొంతన లేనివి. మనుషులు లేని ఒక చోటును వర్ణించడం మొదటిది. అమ్మాయి ఖాళీ మెట్లను ఆరు పేజీలు వర్ణించింది. "అందంగా ఉంది. నిద్ర కూడా వచ్చింది" అని రాసి తక్కువ మార్కులు వేసింది మేడమ్.

రెండోది, ఏదైనా ఒక పని ఎలా చేయాలో చెప్పమని. అమ్మాయి టీ కాచడం ఎంచుకుంది. బల్ల దగ్గర కూర్చుని పైకి చదువుకుంటూ రాస్తోంది. "నీళ్లు మరిగాక..." అని ఆగి కిటికీలోంచి ఎర్ర కోటు ఆవిడను చూస్తూ ఉండిపోయింది. వెనక కుర్చీలో వేలు మూడు లెక్కపెట్టింది.

"పారిపోదాం పద, రాజభటులు వచ్చేస్తున్నారు!"

అమ్మాయి పరధ్యానంలో అదే రాసేసింది. మేడమ్ ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, "టీ బాగానే ఉంది. భటులెవరు?" అని అడిగింది.

మూడోది వాదన. 'మౌనం మేలా, మాట మేలా?' అమ్మాయి మౌనం పక్షాన రాసింది. ఆ ఇంట్లో ఎవరున్నా మౌనం పక్షానే రాస్తారు. అయినా మార్కులు రాలేదు. "వాదన ఉంది, మనిషి లేడు. నాలుగోది కుదరకపోతే ఈ తరగతిలోనే ఇంకో ఏడాది కూర్చోవాలి" అంది మేడమ్.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. చాలాకాలంగా ఆడుతున్న పాత హాస్యనాటకం ఒకటిచ్చి, దాన్ని నేటి కాలానికి మార్చి రాసి, తరగతి పిల్లల ఇళ్లవాళ్లందరి ముందు కాలేజీ హాల్లో చదవమంది. ఆ నాటకంలో ఒక వాగుడుకాయ సేవకుడు ఉంటాడు. ఎవరు నోరు తెరిచినా మాట లాక్కుంటాడు. చివరి అంకంలో అందరూ కలిసి అతన్ని భోషాణంలో కుక్కేసి మూత వేస్తారు. జనం పడీ పడీ నవ్వుతారు, తెర పడుతుంది.

అమ్మాయికి ఎక్కడికీ వెతుక్కుంటూ వెళ్లాల్సిన అవసరం రాలేదు. సేవకుడు ఎదురుగా కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పెళ్లీ ఆస్పత్రీ రాజభటులూ అన్నీ పెట్టేసి, ఆఖర్న ఆయన్ని బట్టల బీరువాలో పెట్టి తాళం వేసి, "క్షమించండి!" అనిపించి, ఒక్క వారంలో చిత్తుప్రతి రాసేసింది. బాబాయి అది చదివి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "అచ్చం మా నాటకశాల గుమాస్తాయే!" అన్నాడు.

మేడమ్ కూడా నవ్వింది. నవ్వు ఆపి, "ఇతను ఎందుకిలా చేస్తాడు?" అని అడిగింది.

"అలవాటు, మేడమ్."

"అలవాటైతే బీరువాలో పెట్టడం దేనికి? ఎందుకో తెలుసుకోకుండా మనిషి మీద మూత వెయ్యకు. తెలుసుకుని రా, మార్కుల సంగతి అప్పుడు చూద్దాం."

అమ్మాయి ఆ సాయంత్రం కింద కొట్టులో దర్జీని అడిగింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ ఆశ్చర్యపోయాడు. "అలవాటా? నాటకాల్లో ఉన్నన్నాళ్లూ బయట నోరు విప్పేవాడే కాదమ్మా. కొలతలు చెప్పాలన్నా సిగ్గే. ఈ గోల రెండేళ్ల నుంచే. మీ పిన్ని జ్వరమొచ్చి పది రోజులు ఆస్పత్రిలో ఉందే, అప్పట్నించి."

మేడ ఎక్కుతుంటే ప్రతి మెట్టు మీదా అదే ఆలోచన. పిన్నికి జ్వరమొస్తే బాబాయికి మాటలు పెరగడమేమిటి? ఎంత ఆలోచించినా తెగలేదు. సరే, పరీక్ష పెట్టి చూద్దామనుకుంది. ఆదివారం మధ్యాహ్నం దర్జీ దంపతులు భోజనానికి వస్తున్నారు.

"ఒక్క పూట, బాబాయ్. నా వ్యాసం కోసం. ఎవరు మాట మధ్యలో ఆగినా నువ్వు పలక్కూడదు."

"ఎవరు ఆగినా?"

"ఎవరు ఆగినా."

బాబాయి వంటగది వైపు చూశాడు. "ఇంకేదైనా అడుగు తల్లీ. మేడ మెట్లన్నీ కడగమను, కడుగుతాను."

"నేను పాసవ్వొద్దా?"

ఆదివారం దర్జీ దంపతులు రాగానే బాబాయి పెదాలు బిగించుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు.

భోజనం మొదలైంది. "ఈ వానలకి బట్టలు..." అని దర్జీ అలవాటు కొద్దీ ఆగి బాబాయి వైపు చూశాడు. బాబాయి గోడ వైపు చూశాడు. కాసేపు కాచుకుని దర్జీ, "ఆరడం లేదు" అని తనే పూర్తి చేసుకున్నాడు, వడ్డన సరిగ్గా జరగనివాడిలా మొహం పెట్టి.

అప్పుడు పిన్ని మొదలుపెట్టింది. "మొన్న బజారు నుంచి వస్తున్నానా, వాన పట్టుకుంది. చూస్తే చేతిలో... అదే..." ఆగింది. గరిటె కూర మీద అలాగే ఉండిపోయింది. "అదే, తలమీద పట్టుకుంటామే..."

గదిలోకి ఎందుకొచ్చిందో మరిచిపోయిన మనిషిలా ఉంది ఆవిడ మొహం. అమ్మాయి గబుక్కున బాబాయి మోకాలి వైపు చూసింది. వేలు కదల్లేదు. ఒకటి కూడా లెక్కపెట్టలేదు. మోచెయ్యి మాత్రం విసురుగా లేచి నీళ్ల జగ్గును పడదోసింది.

నీళ్లు బల్ల మీంచి దర్జీ ఒళ్లోకి పారాయి. అందరూ లేచారు, కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరో గుడ్డ కోసం పరిగెత్తారు. ఆ సందట్లో బాబాయి తుడుస్తున్నట్టు వంగాడు. ఆయన పెదాలు పిన్ని చెవి దగ్గర కదలడం అమ్మాయి చూసింది. చివరి వరస దాకా వినబడే ఆ గుసగుస మొట్టమొదటిసారి ఒక్కరికే వినబడింది.

"గొడుగు లేదు!" అంది పిన్ని తిరిగి కూర్చుంటూ. "నిలువునా తడిసిపోయాననుకో."

రెండోసారి ఉప్పు డబ్బా ఎగిరి కూరలో పడింది. మూడోసారి చేతికి ఏమీ అందలేదు కాబోలు, బాబాయి కుర్చీతో సహా తనే పడ్డాడు.

"పాపం, అన్నయ్యగారికి చెయ్యి స్వాధీనంలో ఉన్నట్టు లేదు. ఒకసారి చూపించుకోండి" అంది దర్జీ భార్య జాలిగా.

"అవును, చూపించుకోవాలి" అన్నాడు బాబాయి నేల మీంచే, ఎంతో తృప్తిగా.

వాళ్లు వెళ్లాక అమ్మాయి వంటగదిలో తడిగుడ్డ పిండుతూ నిలబడింది. నెలల తరబడి ఈ మనిషిని చూసి నవ్వింది తను. బీరువాలో పెట్టి తాళం కూడా వేసింది. బాబాయి నీళ్లోడుతున్న ఇంకో గుడ్డ పట్టుకుని లోపలికొచ్చాడు.

"అది జ్వరం కాదు కదా, బాబాయ్?"

బాబాయి తలుపు దగ్గరికి వేశాడు. "తలలో చిన్న నరం. ఇప్పుడు బాగానే ఉంది. ఎప్పుడైనా ఒక మాట జారిపోతుంది, అంతే."

"మరి ఊరందరికీ ఎందుకు అందిస్తావు?"

"ఆవిడ ఒక్కదానికే అందిస్తే అందరూ ఆవిడ వైపు చూస్తారు. అందరికీ అందిస్తే నా వైపు చూస్తారు." ఆయన మోకాళ్ల మీద కూర్చుని నేల తుడవసాగాడు. "రోగమంటే జనం జాలిపడతారు తల్లీ, మీ పిన్నికి అది పడదు. పిచ్చి అంటే నవ్వుతారు. నాకేం, ముప్ఫై ఏళ్లు నవ్వుల పక్కనే కూర్చున్నాను. ఆవిడకి మాత్రం తెలియకూడదు, సరేనా?"

అమ్మాయి సరేనంది. మేడెక్కి చిత్తుప్రతి ముందు కూర్చుంది. ఇప్పుడు ఎందుకో తెలుసు, కానీ ఆ ఎందుకును హాల్లో పిన్ని ముందు చదవడానికి లేదు. చదవకపోతే మేడమ్ పాస్ చేయదు. కిటికీ అవతల జల్లు పడుతూనే ఉంది. ఎర్ర కోటు ఆవిడ ఈసారి కూడా ఎవరి కోసమో ఆగింది, చాలాసేపు ఒంటరిగా నిలబడింది. ఆవిడను చూస్తూ చూస్తూ ఉండగా అమ్మాయి కలం దానంతటదే కదిలింది.

కొత్త నాటకంలో సేవకుణ్ని బీరువాలో పెట్టాక ఇంట్లో అందరికీ మాటలు తక్కువవుతాయి. యజమాని మధ్యలో ఆగుతాడు, యజమానురాలు ఆగుతుంది, చివరికి గోడ గడియారం కూడా టిక్ అని ఆగి టక్ కోసం చూస్తుంది. ఒక్కొక్కరే సిగ్గుపడుతూ వచ్చి బీరువా తలుపు తట్టి, తమ మాట అడిగి పట్టుకెళ్తారు. ఆఖరి వాక్యం మాత్రం ఎన్నిసార్లు రాసినా కుదరలేదు. చదవాల్సిన రోజు పొద్దున, బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న పిన్నికి వినిపిస్తుంటే, అప్పుడు నోటికి వచ్చేసింది. గబగబా ఆఖరి పేజీ తిరగరాసి బల్ల మీద పెట్టి, పాత పేజీని చించేసి, ఆలస్యమైందని పరుగెత్తింది.

కొత్త పేజీ ఆ బల్ల మీదే ఉండిపోయింది.

ఆ సంగతి హాల్లో, రెండు వందల మంది ముందు, చివర్లో తెలిసింది. అప్పటిదాకా జనం బాగానే నవ్వారు. "చివరికి అందరూ కలిసి బీరువా తలుపు తీశారు. అతను కళ్లు నులుముకుంటూ లేచి కూర్చుని అడిగాడు..." అని చదివి అమ్మాయి పేజీ తిప్పింది. కింద పేజీ లేదు. పొద్దున్న రాసిన వాక్యం మనసులోంచి కూడా ఎగిరిపోయింది.

ఆమె మూడో వరస వైపు చూసింది. బాబాయి వేలు ఆడింది. ఒకటి, రెండు, మూడు. ఆయన నోరు తెరిచాడు, కానీ ఆయన చదివింది పాత ప్రతే. అందులో తలుపు తీయడమే లేదు. జీవితంలో మొదటిసారి బాబాయి దగ్గర మాట లేదు. ఆయన మొహం పాలిపోయింది. నాలుగు కూడా అయిపోయింది.

అప్పుడు ఆయన పక్క కుర్చీలోంచి ఒక గుసగుస వచ్చింది. మెత్తగా, తడబాటు లేకుండా, చివరి వరస దాకా.

"ఇక్కడెవరైనా మాట మధ్యలో ఒంటరిగా నిలబడిపోయారా?"

అది పిన్ని గొంతు. అమ్మాయి ఆ వాక్యాన్ని అందుకుని పైకి చెప్పింది. హాలంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. బాబాయి చప్పట్లు కొట్టలేదు. పిన్ని వైపు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

"మనుషులున్నారు. పాస్" అని రాసిచ్చింది మేడమ్. "అందించినావిడకు కూడా నా తరఫున అభినందనలు చెప్పు."

ఇంటికి వెళ్లేటప్పుడు జల్లు ఆగింది. దీపాలు ఇంకా వెలిగించలేదు, తడి రోడ్డంతా లేత బూడిద రంగు వెలుగు. బాబాయి నాలుగడుగులు ముందు నడుస్తూ, ఎదురైన ప్రతివాడికీ మా అమ్మాయి పాసైందని చెబుతున్నాడు. పిన్ని అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"ఆయన నాకు తెలియదనుకుంటున్నారు కదూ?"

"నీకు తెలుసా పిన్నీ?"

"మూడు లెక్కపెట్టే మనిషి నా దగ్గర ఒకటి కూడా లెక్కపెట్టకపోతే తెలియదూ? సగం మాటలు నిజంగానే పోతాయే. మిగతా సగం ఆయన కోసం పోగొట్టుకుంటాను. నాటకశాల పోయాక ఎంత దిగులు పడ్డారో నువ్వు చూడలేదు."

అని, గొంతు పెంచి పిలిచింది. "ఏమండీ! మళ్లీ వానొచ్చేలా ఉంది. మన... అదే, తలమీద పట్టుకుంటామే..."

బాబాయి గిర్రున వెనక్కి తిరిగాడు.

"గొడుగు!"

"ఆఁ, గొడుగు. మరిచిపోకుండా తెచ్చారా?"

బాబాయి కంగారుగా చేతులు చూసుకున్నాడు, జేబులు తడుముకున్నాడు. హాల్లో వదిలేశానేమోనని వెనక్కి వెళ్లి చూసొస్తానన్నాడు.

గొడుగు పిన్ని చంకలో ఉంది.